సత్తెమ్మక్క దారం, నేను ఎంచిన కంట్రోలు

ప్రోగ్రాములు రాసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి ఏ భాష నేర్చుకోవాలి, ఏ ఊళ్లో ఉద్యోగం వెతుక్కోవాలి అని అడుగుతారు. ఆ సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటే ఉంది. నేను స్వయంగా రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు దొర్లితే నా కళ్ల ముందే దొరికాయి, దిద్దుకున్నాను. ఎవరో రాసిన ముక్కను తెచ్చి నా ప్రోగ్రాముకు అతికించినప్పుడు చేసిన తప్పు మాత్రం వేరొకరి మెడకు చుట్టుకుంది. నా వయసువాళ్లు తమ గొప్పలు రాసుకుంటారు. నేను ఆ తప్పు గురించి రాస్తాను.

మా పని అసలు ఏమిటి

తొంభైల మొదట్లో నేను నాందేడ్‌లో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరుగా ఉండేవాణ్ని. కులకర్ణి సార్ అని ఒకాయన స్టేషన్ దగ్గర కంప్యూటర్ల దుకాణం తెరిచి, నా వేళ్ల వేగం చూసి నన్ను పిలుచుకున్నాడు. వేళ్ల వేగానికీ బుర్రకూ సంబంధం లేదని ఆయనకు అప్పటికి తెలియదు, నాకూ తెలియదు. ప్రోగ్రాములు రాయడం పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. పుస్తకాలు సికింద్రాబాద్ నుంచి రైల్లో వచ్చేవి. వాటితోపాటు సీడీలు వచ్చేవి.

మేం ప్రోగ్రాములు రాసే ప్లాట్‌ఫారం కుట్టుమిషను లాంటిది. దానితో తిన్నగా కుట్టుకోవచ్చు. జిప్పు కుట్టాలన్నా, అంచుకు పీకో వేయాలన్నా మిషనుకు వేరే ఫుట్టు తెచ్చి బిగించాలి. మాకూ అలాగే, తెర మీద పట్టిక కావాలన్నా, లేబులు అచ్చు కావాలన్నా, మరాఠీ అక్షరాలు కనబడాలన్నా ఎవరో తయారుచేసిన ముక్కను తెచ్చి తగిలించుకోవాలి. వాటిని మేం కంట్రోళ్లు అనేవాళ్లం. ఒక్కో సీడీలో పదులకొద్దీ కంట్రోళ్లు ఉండేవి. తయారుచేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు, అడుగుదామంటే ఇంటర్‌నెట్ లేదు. అందులో ఏది తీసుకోవాలో తేల్చడమే నా పనిలో సగం. ఏ కాలేజీలోనూ ఈ సగాన్ని నేర్పినట్టు నేను వినలేదు.

మొదటి దెబ్బ చిన్నదే. మా ఊరి వజీరాబాద్ పేటలో ఒక విత్తనాల దుకాణానికి రసీదులు అచ్చు వేయడానికి ఒక కంట్రోలు ఎంచాను. ఏడాది బాగా నడిచింది. ప్లాట్‌ఫారం కొత్త వెర్షన్ వచ్చేసరికి ఆ కంట్రోలు పనిచేయడం మానేసింది. తయారుచేసినవాడు దుకాణం మూసేశాడట. అతికించిన ముక్క చుట్టూ అల్లుకున్న ప్రోగ్రామంతా విప్పి మళ్లీ రాశాను, రెండు నెలలు పట్టింది. దుకాణం సేటు మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను చెడగొట్టింది. కంట్రోలు తప్పయితే మహా అయితే మళ్లీ రాయాల్సి వస్తుంది, అంతే కదా అనుకున్నాను.

దారాలు

తర్వాత రెండేళ్లకు ఒక ట్రస్టు దవాఖాన వాళ్లు తమ బ్లడ్ బ్యాంకుకు ప్రోగ్రాము కావాలన్నారు. దవాఖాన పేరు ఇక్కడ అక్కర్లేదు.

అక్కడ రక్తం గ్రూపు పరీక్ష చేసేది సత్తెమ్మ. మనిషి బక్కపలచన, మాట గట్టి. నేనూ అందరిలాగే సత్తెమ్మక్క అనేవాణ్ని. ఆ ల్యాబులో ఆమెకు అప్పటికే ఇరవై రెండేళ్ల సర్వీసు. మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదువుకుంది, ఇంగ్లీషు రాదు. వాళ్లది పద్మశాలీల ఇల్లు. తాతల కాలంలో నిజామాబాద్ వైపు నుంచి మగ్గాలతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మగ్గం పోయినా మగ్గం బుద్ధి పోలేదు. నేతింట్లో నూలు కట్టలు కలిసిపోకుండా ఒక్కో రకానికి ఒక్కో రంగు దారం గుర్తు కడతారు. ఆమె అదే పని రక్తం సంచులకు చేసేది. స్లైడు మీద చుక్క గడ్డకట్టిందా లేదా చూసి, గ్రూపు తేలగానే, ఆ చేత్తోనే సంచి మెడకు దారం ముడి వేసేది. ‘ఏ’ గ్రూపుకు పసుపు, బీకి నీలం, ఓకు ఎరుపు, ఏబీకి తెలుపు. ఆ తర్వాతే రిజిస్టరులో రాసి, చేత్తో లేబులు అంటించేది.

ప్రోగ్రాము వస్తే లేబుళ్లు తెర మీది పట్టిక నుంచి అచ్చవుతాయి. కాబట్టి పట్టిక చూపే కంట్రోలు ఒకటి కావాలి. సీడీలో మూడు దొరికాయి. ఒకటి పనికిరానిది. ఇంకొకటి బూడిదరంగులో, గళ్ల కాయితంలా వెలవెలబోతూ ఉంది. మూడోది వరుసకో రంగు మారుస్తుంది, నిలువు వరుస పైనున్న శీర్షిక మీద నొక్కితే చిన్న బాణం గుర్తు వచ్చి అంకెలన్నీ వరుసలోకి సర్దుకుంటాయి. కులకర్ణి సార్ నా భుజం మీదుగా వంగి చూసి ఆ మూడోదాని మీద వేలు పెట్టాడు.

"దిఖ్‌నే మే అచ్ఛా హోనా, బస్" అన్నాడు. చూడటానికి బాగుండాలి, అంతే అని.

నింద ఆయన మీదికి నెట్టను. నాకూ అదే నచ్చింది. రెండింటి రంగులూ పోల్చడానికి ఒక మధ్యాహ్నమంతా ఖర్చు పెట్టాను. వాటితో వచ్చిన హెల్ప్ ఫైలు తెరవడానికి అయిదు నిమిషాలు పెట్టలేదు. పరీక్షించానా అంటే పరీక్షించాను. అయిదు వరుసలు నింపాను. బద్ధకం కొద్దీ అయిదింట్లోనూ నా పేరే కొట్టాను, గ్రూపు అయిదింటికీ ఓ అనే కొట్టాను. సంచి నంబర్లు మాత్రం అటూ ఇటూ వేశాను. శీర్షిక నొక్కగానే నంబర్లు వరుసలోకి వచ్చాయి. చాలా సంతోషించాను.

దవాఖానలో చూపించిన రోజు సత్తెమ్మక్కకు కూడా అదే నేర్పాను. "అక్కా, సంచి నంబరు అన్న చోట నొక్కు. ఫ్రిజ్‌లో ఉన్న వరుసలోనే లేబుళ్లు వస్తయ్" అన్నాను. ఆమె ఒక వేలితో భయంగా నొక్కి, నంబర్లు కదలగానే నవ్వింది.

అక్కడితో ఆగితే బాగుండేది. పెద్ద డాక్టర్ సాహేబ్ పక్కనే ఉన్నాడు. ఆయన ముందు గొప్పకు పోయి, ఇక ఆ దారాలు ఎందుకు సార్, లేబులు మీద అన్నీ శుభ్రంగా వస్తాయి కదా అన్నాను. ఆయనకూ ఆ దారాలు చూస్తే చిరాకే. ఇక కట్టొద్దని ఆమెకు అక్కడికక్కడే చెప్పాడు. ఆమె ఆయన ముందు తలూపింది. ఆయన వెళ్లాక నావైపు తిరిగింది.

"తమ్మీ, నీ మిషిన్ల నేను వేలు పెట్టిన్నా? నా దారంల నువ్వెందుకు వేలు పెడ్తున్నవ్?"

నవ్వేశాను. ఆమె దారం కట్టడం మానలేదు.

ఉమ్రి నుంచి వచ్చిన బాలింత

ప్రోగ్రాము పెట్టిన నెలలోపే ఒక రక్తదాన శిబిరం జరిగి సంచులు చాలా వచ్చాయి. సత్తెమ్మక్క పరీక్షలు చేసి, దారాలు కట్టి, వివరాలు తెర మీద ఎక్కించింది. నేను నేర్పినట్టే శీర్షిక నొక్కి లేబుళ్లు తీసి, ఆ హడావిడిలో నంబరుకు నంబరు మాత్రమే చూసుకుని అంటించింది.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఉమ్రి నుంచి ఒక బాలింతను జీపులో తెచ్చారు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. ఆమెది ఓ గ్రూపు. రెండు సంచులు కావాలని కబురొచ్చింది. చిన్న డాక్టరు ఒకతను స్వయంగా పరుగెత్తుకొచ్చాడు. సత్తెమ్మక్క ఫ్రిజ్‌లోంచి ఓ అని లేబులున్న సంచి తీసింది. దాని మెడకు పసుపు దారం ఉంది.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. అక్కడున్న నర్సు చెప్పింది రాస్తున్నాను. డాక్టరు చెయ్యి చాచాడు. ఆమె సంచిని వెనక్కి తీసుకుంది.

"ఇయ్య సాబ్. దారం పసుపచ్చగున్నది."

"లేబులు చూడు బాయీ, ఓ అని రాసి ఉంది. అక్కడ మనిషి పోతోంది" అని అతను మరాఠీలో అరిచాడు.

"లేబులు మిషిన్ ఏసింది. దారం నేను కట్టిన. జర ఆగుండ్రి."

ఆమె సంచి నుంచి చుక్క తీసి స్లైడు మీద వేసింది. అది ‘ఏ’ గ్రూపు రక్తం. ఎర్ర దారం ఉన్న సంచులు వెతికి, వాటినీ పరీక్షించి, అప్పుడు ఇచ్చింది. ఆలస్యమైంది కానీ బాలింత బతికింది.

రోగి రక్తాన్ని సంచి రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ అనే ఇంకో పరీక్ష ఉంటుంది, అందులో ఎలాగూ దొరికేదిలే అని తర్వాత చాలామంది నాకు ధైర్యం చెప్పారు. ఆ తొందరలో ఆ పరీక్ష వదిలేద్దామన్న మాట కూడా అక్కడ వచ్చిందని నర్సు చెప్పింది. అందుకే ఆ ధైర్యం నాకెప్పుడూ అంటలేదు.

నేను రాసిన రిపోర్టు

మధ్యాహ్నం నన్ను పిలిపించారు. అప్పటికి సంచులన్నీ బయట పెట్టి దారానికీ లేబులుకూ పొంతన చూస్తున్నారు. సగానికి పైగా కలవలేదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని సంచి నంబరు శీర్షిక నొక్కాను. నంబర్లు వరుసలోకి వచ్చాయి. పక్కనున్న గ్రూపులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క నిలువు వరుస మాత్రమే సర్దుకుంటోంది, మిగతావి కదలడం లేదు. నా పరీక్షలో అయిదూ ఓ గ్రూపులే కాబట్టి అవి కదిలాయో లేదో నాకు తెలిసే దారే లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు హెల్ప్ ఫైలు తెరిచాను. అడ్డువరుస మొత్తం కదలాలంటే ఫలానా చోట అవును అని పెట్టుకోవాలి, పెట్టకపోతే నొక్కిన నిలువు వరుసే సర్దుకుంటుంది అని రాసి ఉంది. తయారుచేసినవాడు దాచలేదు, నేనే చదవలేదు. నేను వద్దనుకున్న ఆ బూడిదరంగు కంట్రోలులో వరుస మొత్తం దానంతటదే కదులుతుంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అలాంటిదాన్ని ఏరి కోరి తెచ్చుకున్నాను.

ట్రస్టు వాళ్లు రాతపూర్వకంగా కారణం అడిగారు. కులకర్ణి సార్ తలుపు మూసి నన్ను కూర్చోబెట్టాడు.

"మనది తప్పని రాస్తే ఈ జిల్లాలో మళ్లీ ఎవరూ మన గడప తొక్కరు. శీర్షిక నొక్కింది ఎవరు? ఆపరేటరు. అది రాయి. అబద్ధం కాదు కదా" అన్నాడు.

అబద్ధం కాదు. అంతకంటే నీచమైనది. ఆపరేటరు తెర మీది క్రమాన్ని మార్చడం వల్ల లేబుళ్లలో తేడా వచ్చింది, వాడకంలో జాగ్రత్త అవసరం అని ఇంగ్లీషులో రాశాను. నొక్కమని నేర్పింది ఎవరో రాయలేదు. కింద సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా సత్తెమ్మక్కను రావద్దన్నారు. కంప్యూటర్ పనికి పనికిరాదన్నారట, వద్దన్న దారాలు కట్టి పెద్దల మాట వినలేదన్నారట. ఆ మాట మోసుకొచ్చింది కులకర్ణి సారే. నేను తల వంచుకుని కీబోర్డు మీద దుమ్ము తుడిచాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకాన్ని. ఎవరూ అడగకముందే, తప్పు నాది కాదని ఆ నెలంతా కనబడిన ప్రతివాడికీ చెబుతూ తిరిగాను.

మూట

నెల తర్వాత కంట్రోలు సరిచేసిన ప్రోగ్రాము ఎక్కించడానికి దవాఖానకు వెళ్లాను. గుమ్మం దగ్గర ఒక రైతు చిన్న మూట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉమ్రి బాలింత భర్త అతను, ఆ రోజు సంగతి నర్సు అతనికి చెప్పిందట.

"దారం కట్టే అక్క ఏది సార్? మా అమ్మ పసుపుకుంకుమ, జాకెట్టు గుడ్డ పంపింది. ఇయ్యాల లేదా ఆమె?"

అతను అందరి మొహాలూ చూసి నా దగ్గరికొచ్చాడు. "మీరు దవాఖానోల్లే గద సార్. జర ఆమెకు ముట్టజెప్పుండ్రి" అని మూట నా చేతిలో పెట్టాడు. బిడ్డ బాగుందని, పాలు తాగుతోందని చెప్పి వెళ్లిపోయాడు.

సిగ్గు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. దుకాణానికి పోయి ఫైల్లోంచి నా రిపోర్టు నకలు తీసుకుని, మర్నాడు భోకర్ బస్సెక్కాను. సత్తెమ్మక్క అక్కడ తమ్ముడి బట్టల దుకాణంలో ఉంటోందని నర్సు చెప్పింది.

దుకాణంలో ఆమె కింద కూర్చుని చీరలు మడత పెడుతోంది. నన్ను చూసి చాప చూపించింది. మూట ఇచ్చాను. కుంకుమ పెట్టుకుని, "పిల్ల మంచిగున్నదా?" అని అడిగింది. ఉందన్నాను. అప్పుడు రిపోర్టు సంగతి చెప్పాను.

ఆమె మడత ఆపింది. "గది మరాఠీల రాసినవా, ఇంగ్లీషులనా?"

"ఇంగ్లీషుల, అక్కా."

"గందుకే నాకు తెల్వకపాయె. చదివి జెప్పు."

అక్కడే, ఆమె తమ్ముడు వింటుండగా, నేను రాసిన ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులో చెప్పాను. నా జీవితంలో అంత కష్టమైన చదువు ఇంకోటి లేదు. మూడో వాక్యం దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపరేటర్ అంటే నేనేనా?"

"అవునక్కా."

"పేరు రాయలేదా?"

"లేదు."

"ఇరవై రెండేండ్లు చేసిన తమ్మీ. తప్పు నా మీద ఏసినవ్, ఏసినవ్ తియ్. పేరన్న రాయకపోతివి."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మళ్లీ చీర అందుకుంది. నేను మాత్రం ఆ చాప మీదే ఏడ్చాను. తమ్ముడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

చెప్పదలచుకున్నది

మీరు ఇప్పుడు వాడే సాధనాలు వేరు. ఒక్క నొక్కుతో వంద ముక్కలు దిగుతాయి, పక్కన మెచ్చినవాళ్లు వేసిన నక్షత్రాలు కూడా ఉంటాయి. నక్షత్రాలు వేసినవాడు మీ బ్లడ్ బ్యాంకులో పని చేయలేదని గుర్తుంచుకోండి. ఏ ముక్కను తెచ్చినా దాని కాయితాలు చివరి పేజీ నుంచి చదవండి, ఇబ్బందులన్నీ అక్కడ రాస్తారు. పరీక్షకు అయిదు ఒకేలాంటి వరుసలు నింపకండి. వాడబోయే మనిషిని కూర్చోబెట్టి, ఇష్టమొచ్చినట్టు నొక్కమనండి. నేను ఆ తర్వాత ఎంచిన ప్రతి కంట్రోలునూ ఎవరో ఒక గుమాస్తా చేత, నర్సు చేత ముందు చెడగొట్టించాను. అందులో సగం అక్కడే రాలిపోయాయి. అన్నిటికంటే ముఖ్యం, మీ ముక్క వచ్చింది కదా అని అక్కడ ముందునుంచీ ఉన్న పద్ధతిని తీసేయమని చెప్పే హక్కు మీకు లేదు. అది ఎందుకు పుట్టిందో మీకు తెలియదు.

మంచి బాసులు నాకు దొరకలేదని చాలాకాలం అనుకున్నాను. కులకర్ణి సార్ చెడ్డవాడు కాదు. పిల్లల ఫీజులకూ, దుకాణం అద్దెకూ భయపడిన మనిషి. కానీ పెన్ను నా చేతిలో ఉంది.

రెండో రిపోర్టు

భోకర్ నుంచి వచ్చాక రెండో రిపోర్టు రాశాను. ఈసారి మరాఠీలో రాశాను. కంట్రోలు ఎంచింది నేను, హెల్ప్ ఫైలు చదవనిది నేను, శీర్షిక నొక్కమని నేర్పింది నేను, దారాలు వద్దని సలహా ఇచ్చింది నేను అని రాశాను. ప్రాణం కాపాడింది సత్తెమ్మ అని, ఆమె పూర్తి పేరు, సర్వీసు, దారం రంగులు అన్నీ వివరంగా రాశాను. కులకర్ణి సార్ చదివి, దాన్ని నా బల్ల మీద పెట్టి, "నువ్వు ఇది ఇస్తే రేపట్నుంచి రాకు" అన్నాడు. సరేనన్నాను.

డాక్టర్ సాహేబ్‌కు ఇచ్చే ముందు దాన్ని మళ్లీ భోకర్ పట్టుకెళ్లాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని, వేలు ఒక్కో మాట కింద జరుపుకుంటూ మొత్తం చదివింది. తన పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లి రంగుల దాకా చదివి తల అడ్డంగా ఊపింది.

"గిదిట్లనే ఇయ్యకు."

ఏం తప్పు రాశానక్కా అన్నాను.

"ముడుల సంగతి రాయలే. పాజిటివ్‌కు ఒక్క ముడి, నెగటివ్‌కు రెండు. నేను మల్ల పోయినా పోకపోయినా, నా జాగల ఎవరన్న వస్తరు గద. వాళ్లకెట్ల తెలుస్తది?"

పెన్ను ఇచ్చాను. ఆ వాక్యం ఆమే రాసింది, ఏడో తరగతి మరాఠీలో, గుండ్రటి అక్షరాలతో. నా సంతకం దాని కింద పెట్టాను.